ఎదుగుదల ఆలస్యమా? మనం ఆలస్యం చేయొద్దు!

తోటి పిల్లలు వీధంతా చుట్టేస్తుంటే తమ బిడ్డ మాత్రం ఇంకా కూర్చోవడానికే తంటాలు పడుతుంటాడు. పిలిస్తే తిరిగి చూడడు. రెండేళ్లు నిండినా 'అమ్మా' అనడు. 'వచ్చేస్తయ్‌లే' అని ఇంట్లో అందరూ సర్దిచెబుతుంటారు. ఆ సర్దుబాటులో జారిపోయే నెలలే బిడ్డకు అన్నిటికన్నా విలువైనవి. పెద్ద ఆసుపత్రులు, థెరపీ సెంటర్లు లేని సింగరాయకొండలాంటి ఊళ్లో ఉన్నా సరే... చేయగలిగింది చాలా ఉంది. అదేమిటో చూద్దామా!

'ఏందమ్మా, పిల్లోడికి ఇంకా మాటలు రాలా?'

సింగరాయకొండలో రెండేళ్ల బిడ్డ ఉన్న ఏ ఇంటి ముందైనా వినిపించే ప్రశ్నే ఇది. జవాబులు కూడా సిద్ధంగానే ఉంటాయి. 'వాళ్ల నాన్నకీ మూడేళ్లకిగానీ రాలేదు' అంటుంది నాయనమ్మ. 'అన్నీ మేనమామ పోలికలే' అని నవ్వేస్తుంది అమ్మమ్మ. 'వస కొమ్ము అరగదీసి నాకించండి, వసపిట్టలా మాట్లాడతాడు' అంటుంది పక్కింటి పిన్ని. 'నాలిక కింద నరం కోయిస్తే సరి' అని ఒకరు, 'కొండమీద నరసింహస్వామికి మొక్కుకోండి' అని మరొకరు.

ఎవరి మాటలోనూ చెడు లేదు. అందరిదీ ప్రేమే. కానీ ఈ సలహాలన్నింటినీ కలిపి చూస్తే తేలేది ఒక్కటే... 'ఆగండి' అని! తల్లి ఆగుతుంది. ఉగాది వెళ్లాక చూద్దామనుకుంటారు. మిరప కోతలు అయ్యాక ఒంగోలు వెళదామనుకుంటారు. తిరునాళ్లు అవుతాయి, సంక్రాంతి వస్తుంది. బిడ్డకు మూడో ఏడు నిండిపోతుంది.

నిజమే, ఆలస్యంగా మాటలొచ్చి తర్వాత అందరితో సమానంగా చదువుకున్న పిల్లలు బోలెడంత మంది ఉన్నారు. అయితే రెండేళ్ల వయసులో ఇద్దరు పిల్లల్ని పక్కపక్కన కూర్చోబెడితే, వాళ్లలో తనంతట తాను పుంజుకునేది ఎవరో, సాయం అవసరమయ్యేది ఎవరికో కంటితో చూసి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. పరీక్ష చేయిస్తే పోయేదేమీ లేదు. చేయించకపోతే పోయేది మాత్రం కాలం. మొక్కు మొక్కుకోండి... మర్నాడే డాక్టరు దగ్గరికీ వెళ్లండి. ఆ రెంటికీ తగువేమీ లేదు!

అదను... రైతుకు తెలిసిన రహస్యమే

మిరప వేసే రైతుకు అదను సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. నలభై రోజుల నారు నాటితే ఒక లెక్క, ముదిరిన నారు నాటితే ఇంకో లెక్క. ముదిరింది బతకదని కాదు, బతుకుతుంది. కానీ చాకిరీ ఎక్కువ, కాపు తక్కువ. పసివాళ్ల మెదడూ అంతే.

మూడేళ్లు నిండేసరికి బిడ్డ మెదడు పెద్దవాళ్ల మెదడు పరిమాణంలో దాదాపు 80 శాతానికి చేరుకుంటుంది. చూసిన ప్రతి ముఖం, విన్న ప్రతి మాట, పట్టుకున్న ప్రతి వస్తువూ అక్కడ కొత్త దారులు వేస్తుంటాయి. తరచూ నడిచిన దారి గట్టిపడుతుంది, నడవని దారి పూడిపోతుంది. మెదడులో ఒకచోట దెబ్బ తగిలినా, ఆ పనిని ఇంకో భాగం నేర్చుకునే వెసులుబాటు ఈ వయసులో ఉన్నంతగా మరెప్పుడూ ఉండదు. అందుకే ఎదుగుదలలో వెనకబడిన పిల్లలకు తొలి మూడేళ్లలో, కనీసం ఆరేళ్లలోపు అందే సాయానికి అంత విలువ. ఆ తర్వాత తలుపు మూసుకుపోతుందని కాదు. పదేళ్ల వయసులోనూ, ఇరవైలోనూ నేర్చుకునేవాళ్లున్నారు. కాకపోతే అప్పుడు పది రెట్లు కష్టపడాలి.

మన ఇంట్లోనే ఎందుకిలా?

తల్లిదండ్రుల్ని నిద్రపోనివ్వని ప్రశ్న ఇది. ముందుగా తెలుసుకోవాల్సింది... ఇది ఒక్క మీ ఇంటి కథే కాదు. దేశంలో అయిదు ప్రాంతాల్లో... హరియాణాలోని పల్వల్, హిమాచల్‌ప్రదేశ్‌లోని కాంగ్రా, ఒడిశాలోని ధెంకనాల్, ఉత్తర గోవా, మన హైదరాబాద్‌లలో 3,964 మంది పిల్లల్ని పరీక్షించి చేసిన అధ్యయనం ఒకటి 2018లో వెలువడింది. రెండు నుంచి ఆరేళ్లలోపు పిల్లల్లో 9.2 శాతం మందికి, ఆరు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లలో 13.6 శాతం మందికి మెదడు, నాడుల ఎదుగుదలకు సంబంధించిన ఇబ్బంది ఏదో ఒకటి ఉన్నట్టు అందులో తేలింది. చూపు, వినికిడి, ఫిట్స్, సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, మాటల సమస్యలు, బుద్ధిమాంద్యం... అన్నీ ఈ లెక్కలోవే. వాళ్లలో దాదాపు అయిదో వంతు మందికి ఒకటికి మించి ఇబ్బందులున్నాయి. అంటే ఓ అంగన్‌వాడీలో పాతికమంది పిల్లలుంటే, వాళ్లలో ఒకరిద్దరికి ప్రత్యేకంగా సాయం కావాల్సి ఉండొచ్చు.

కారణాలు ఎన్నో. నెలలు నిండకముందే పుట్టడం, తక్కువ బరువు, పుట్టగానే ఏడవకపోవడం, తొలి రోజుల్లో కామెర్లు బాగా ముదరడం, మెదడువాపు లాంటి జబ్బులు, డౌన్ సిండ్రోమ్‌లా పుట్టుకతో వచ్చేవి. మేనరికాలు మనవైపు ఎక్కువ కాబట్టి వంశపారంపర్యంగా వచ్చే కొన్ని జబ్బుల ముప్పూ ఎక్కువే. చాలామంది విషయంలో ఇదీ కారణమని చెప్పలేకపోవచ్చు కూడా.

ఒక్కటి మాత్రం కచ్చితం... ఇది తల్లి తప్పు కాదు. గ్రహణం నాడు బయటికి వచ్చిందనో, కడుపుతో ఉన్నప్పుడు ఏదో చూసి భయపడిందనో, మాట విననందుకు శాపం తగిలిందనో అనడం ఆ తల్లిని మరింత కుంగదీయడమే. ఆటిజం ప్రేమ చాలక వచ్చేదీ కాదు, టీకాల వల్ల వచ్చేదీ కాదు.

ఎప్పటికి ఏం రావాలి?

దీనికి పెద్ద పుస్తకాలేవీ అక్కర్లేదు. గర్భిణిగా పేరు రాయించుకున్నప్పుడు ఇచ్చే తల్లీబిడ్డల రక్షణ కార్డు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. టీకాల తేదీలు చూసి బీరువాలో పెట్టేస్తాంగానీ, ఏ నెలకు బిడ్డ ఏం చేయాలో కూడా అందులో బొమ్మలతో సహా ఉంటుంది. ఓసారి తీసి చూడండి. సాధారణంగా...

* రెండు నెలలు: పలకరిస్తే ముఖం చూసి నవ్వాలి.

* నాలుగు నెలలు: మెడ నిలపాలి.

* ఆరు నుంచి తొమ్మిది నెలలు: ఏ ఆసరా లేకుండా కూర్చోవాలి. 'బాబాబా', 'దాదాదా' అంటూ ఊసులాడాలి.

* ఏడాది: పేరు పెట్టి పిలిస్తే తిరగాలి. టాటా చెప్పాలి. 'అమ్మ', 'అత్త' లాంటి మాట ఒకటో రెండో రావాలి.

* ఏడాదిన్నర: ఒంటరిగా నడవాలి. కావాల్సిన వస్తువును వేలితో చూపించాలి.

* రెండేళ్లు: 'పాలు కావాలి', 'నాన్న వచ్చాడు' అని రెండేసి మాటలు కలపాలి.

* మూడేళ్లు: చిన్న చిన్న వాక్యాలు మాట్లాడాలి. తోటి పిల్లలతో ఆడాలి.

నెలా రెండు నెలలు అటూఇటూ అయితే కంగారు పడక్కర్లేదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, రెండేళ్లు వచ్చేవరకూ, ఎన్ని నెలలు ముందు పుట్టాడో అన్ని నెలలు తీసేసి లెక్కగట్టాలి. రెండు నెలలు ముందు పుడితే, ఎనిమిదో నెలలో ఆరు నెలల పిల్లాడి పనులే ఆశించాలన్నమాట.

కానీ కొన్ని సంకేతాలు కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. కాళ్లూచేతులూ కర్రల్లా బిగుసుకుపోవడం, లేదంటే గుడ్డబొమ్మలా వేలాడిపోవడం. నిలబెడితే కాళ్లు కత్తెరలా మెలికపడటం. ఏడాది నిండకుండానే ఎప్పుడూ ఒక చేత్తోనే పట్టుకుంటూ రెండోది పిడికిలి బిగించి ఉంచడం. 'పుర్రచేతి వాటం' అని మురిసిపోయే ఈ లక్షణం ఒక పక్క బలహీనతకు గుర్తు కావచ్చు. కళ్లలోకి చూడకపోవడం. అన్నిటికన్నా ముఖ్యం... వచ్చిన మాటలు, వచ్చిన పనులు పోవడం. 'నిన్నటిదాకా అమ్మా అనేవాడు, ఇప్పుడు అనడం లేదు' అంటే ఏ వయసులోనైనా అది డాక్టరుకు చెప్పాల్సిన మాటే.

ముందు చెవి, కన్ను, థైరాయిడ్

మాటలు రావడం లేదంటే మొదట చూడాల్సింది నాలిక కాదు... చెవి! వినబడని మాట నోట పలకదు. 'పళ్లెం కొడితే తిరిగాడు కదా' అంటారు. పళ్లెం మోతకు తిరిగినంత మాత్రాన మాట స్పష్టంగా వినిపిస్తున్నట్టు కాదు. కదిలిన చెయ్యి చూసి తిరిగి ఉండొచ్చు. పెద్ద శబ్దాలు మాత్రమే వినిపిస్తుండొచ్చు. బిడ్డ నిద్రలో ఉండగానే చేసే బెరా పరీక్షతో అసలు సంగతి తెలిసిపోతుంది. పుట్టుకతోనే వినికిడి లోపం ఉన్నట్టు తేలితే వినికిడి యంత్రం, అవసరమైతే కాక్లియర్ ఇంప్లాంట్... ఎంత ముందు అమరిస్తే అంత బాగా మాటలొస్తాయి.

థైరాయిడ్ సంగతీ అంతే. పుట్టుకతోనే థైరాయిడ్ సరిగా పనిచేయని బిడ్డ పైకి మామూలుగానే ఉంటుంది. బాగా నిద్రపోతుంది, పెద్దగా ఏడవదు. 'బంగారుతల్లి, అసలు విసిగించదు' అని మురిసిపోతాం. లోపల మాత్రం మెదడు ఎదుగుదల కుంటుపడుతుంటుంది. పుట్టిన రెండుమూడు రోజులకు మడమ దగ్గర నుంచి తీసే ఒక చుక్క నెత్తురుతో దీన్ని కనిపెట్టొచ్చు. మొదటి వారాల్లోనే మొదలుపెట్టి రోజుకో చిన్న మాత్ర వేస్తే ఆ బిడ్డ అందరిలాగే ఎదుగుతుంది. బుద్ధిమాంద్యాన్ని చవగ్గా ఆపగలిగే దారుల్లో ఇదొకటి. కాన్పు అయిన ఆసుపత్రి వదలకముందే ఈ పరీక్ష గురించి అడగండి.

సింగరాయకొండ నుంచి దారి ఎటు?

మొదటి మెట్టు వీధి చివరే ఉంది. అంగన్‌వాడీ టీచర్, ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం... ఈ ముగ్గురిలో ఎవరికి చెప్పినా చాలు. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లల్ని పరీక్షించడానికి కేంద్రం 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలుపెట్టింది. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషకాల లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యాలు... ఈ నాలుగింటినీ కలిపి 30 రకాల సమస్యల్ని ముందుగా పట్టుకోవడం దాని పని. సాయం కావాల్సిన పిల్లల్ని జిల్లా స్థాయిలోని సత్వర చికిత్సా కేంద్రాలకు పంపిస్తారు. పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, మాటలు నేర్పే స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు ఒకే చోట ఉండాలన్నది ఆ ఏర్పాటు వెనకున్న ఆలోచన.

రెండో మెట్టు ఒంగోలు. జాతీయ రహదారి మీద సుమారు 30 కిలోమీటర్లు. రిమ్స్‌లో పిల్లల విభాగానికి వెళ్లేటప్పుడు కాన్పు కాగితాలు, టీకాల కార్డు మరవకండి. ఇంకో చిన్న చిట్కా... బిడ్డ ఇంట్లో ఎలా నడుస్తాడో, ఎలా ఆడతాడో ఫోన్‌లో రెండు నిమిషాల వీడియో తీసి తీసుకెళ్లండి. కొత్త చోట పిల్లలు ముడుచుకుపోతారు. డాక్టరుకు ఆ రెండు నిమిషాలే ఎన్నో సంగతులు చెబుతాయి.

బడి వయసు పిల్లలకు సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు అక్కడ పిల్లలకు నేర్పుతారు. కదల్లేని పిల్లల ఇంటికి వెళ్లి చెప్పే ఏర్పాటూ ఉంది. మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో అడిగితే వివరాలు చెబుతారు. ఆరేళ్లలోపు పిల్లలకైతే అంగన్‌వాడీయే బడి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని ఎలా గుర్తించాలో, మిగతావాళ్లతో కలిపి ఎలా ఆడించాలో చెబుతూ 2023 నవంబరులో కేంద్రం అంగన్‌వాడీలకు ప్రత్యేక మార్గదర్శకాలు ఇచ్చింది. 'ఇలాంటి పిల్లాడు మా సెంటర్లో వద్దు' అనడానికి వీల్లేదు.

మూడో మెట్టు... రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్. బోయిన్‌పల్లిలోని మనోవికాస్‌నగర్‌లో 1984లో ఏర్పాటైన జాతీయ మానసిక వికలాంగుల సంస్థకు ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అని పేరు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం దేశం మొత్తానికీ పరీక్షలు, పాఠాలు, తల్లిదండ్రులకు శిక్షణ తయారుచేసే సంస్థ మన తెలుగునేల మీదే ఉందన్నది చాలామందికి తెలియదు. అంతకన్నా ముందే... 1968లో ఠాకూర్ హరిప్రసాద్ పేరిట, 1977లో డాక్టర్ పి.హనుమంతరావు చొరవతో స్వీకార్ పేరిట జంటనగరాల్లో ఇలాంటి పిల్లల కోసం సంస్థలు వెలిశాయి. అనంతపురం పల్లెల్లో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు కూడా ఇలాంటి పిల్లల కోసం కేంద్రాలు నడుపుతోంది.

వారానికోసారి వెళితే వస్తుందా?

దారి తెలిసింది. కానీ నడవడం? అసలు చిక్కంతా ఇక్కడే. వారానికి రెండుసార్లు థెరపీకి రమ్మంటారు. ఒంగోలు వెళ్లి రావాలంటే ఒక రోజు పోయినట్టే. పొగాకు, మిరప పనుల రోజుల్లో అయితే ఆ రోజు కూలీ పోయినట్టే. పాకల వైపు చేపల వేటకు వెళ్లే ఇళ్లలో మగవాళ్లు ఎప్పుడొస్తారో తెలియదు. నాలుగు వారాలు వెళ్తారు, అయిదో వారం ఆగిపోతారు. 'ఫలితం కనబడలా' అంటారు.

సరిగ్గా ఇదే చిక్కు అమెరికాలోనూ వచ్చింది. విస్కాన్సిన్ రాష్ట్రంలో పోర్టేజ్ అని ఓ చిన్న ఊరుంది. చుట్టూ పల్లెలు, దూరాలు. పిల్లల్ని రోజూ ఒక కేంద్రానికి తీసుకురావడం అయ్యే పని కాదు. 1969లో అక్కడివాళ్లు ఓ ఉపాయం చేశారు... పిల్లలు కేంద్రానికి రాలేకపోతే టీచరే ఇంటికి వెళితే? వారానికి ఒక్కసారి టీచర్ ఇంటికొచ్చి ఒకటి రెండు చిన్న పనులు ఎంచుకుని, ఎలా నేర్పాలో తల్లికి చేసి చూపిస్తుంది. మిగిలిన ఆరు రోజులూ తల్లే టీచర్. బిడ్డ రోజూ ఎన్నిసార్లు చేశాడో ఓ కాగితం మీద గీతలు పెడుతుంది. మరుసటి వారం ఆ గీతలు చూసి తర్వాతి పని. అంతే! ఆ పద్ధతి పోర్టేజ్ పేరుతోనే ప్రపంచమంతా పాకింది. మన దేశానికీ వచ్చింది.

లెక్క చూడండి. థెరపిస్టు దగ్గర బిడ్డ గడిపేది వారానికి గంటో రెండు గంటలో. బిడ్డ మెలకువగా ఉండే మిగతా గంటలన్నీ ఇంట్లోనే. కాబట్టి థెరపీకి వెళ్లడమంటే బిడ్డను అప్పగించి బయట కూర్చోవడం కాదు. 'ఈ వారం ఇంట్లో నేనేం చేయాలి?' అని అడిగి, పక్కనే నిలబడి చూసి, నేర్చుకుని రావడం. నెలకు రెండుసార్లే వెళ్లగలిగినా, ఇలా వెళితే అది వృథా కాదు.

ఇల్లే తొలి బడి

దీనికోసం వేలు పోసి బొమ్మలు కొనక్కర్లేదు. ఇంటిపనే పాఠం.

స్నానం చేయిస్తూ... 'చెయ్యి ఏదీ? ఇదిగో చెయ్యి. కాలు ఏదీ?' అంటూ చిన్న చిన్న మాటలు మళ్లీమళ్లీ చెప్పండి. చెప్పాక ఆగండి. మనసులో పది లెక్కపెట్టుకోండి. ఈ పిల్లలకు మాట వినడానికి, అర్థం చేసుకోవడానికి, బదులివ్వడానికి ఎక్కువ సమయం పడుతుంది. మనం తొందరపడి మనమే జవాబు చెప్పేస్తాం!

అడగకముందే ఇవ్వకండి. పాలగ్లాసు, నీళ్లగ్లాసు రెండూ చూపించి 'ఏది కావాలి?' అనండి. చూపుతో చెప్పినా, వేలితో చూపినా, 'పా' అన్నా... అది మాటే. వెంటనే ఇచ్చి, 'పాలు! పాలు కావాలా నాన్నా?' అని పూర్తిచేయండి. సైగలు అలవాటైతే మాటలు రావన్నది అపోహ. సైగ మాటకు మెట్టు.

పెద్ద పనిని ముక్కలు చేయండి. చొక్కా తొడుక్కోవడం మనకు ఒక పని, బిడ్డకు పది పనులు. తొమ్మిది మీరు చేసి, ఆఖర్న చొక్కా కిందికి లాగే ఒక్క పని బిడ్డకు వదలండి. అది వచ్చాక ఆఖరి రెండు పనులు, ఆ తర్వాత మూడు. ఇలా వెనకనుంచి నేర్పితే ప్రతిసారీ పని పూర్తిచేశానన్న గెలుపు బిడ్డదే అవుతుంది.

ఆటలు మనకు కొత్తా? చెమ్మచెక్కతో ఎదుటివాళ్ల వంక చూడటం, వంతు కోసం ఆగడం వస్తాయి. దాగుడుమూతలతో 'కనబడకపోయినా అమ్మ ఉంటుంది' అని తెలుస్తుంది. గుజ్జనగూళ్లతో ఉన్నట్టు నటించడం, ఊహించడం అలవడతాయి. తాటికాయల బండి లాగుతూ నడక నేర్చిన తరం మనది. థెరపీ గదుల్లో చేయించేవి చాలావరకు ఇలాంటివే!

తిండి దగ్గర జాగ్రత్త. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డను పడుకోబెట్టి ఉగ్గు పోయొద్దు. ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టి, తల కాస్త ముందుకు ఉంచి, చిన్న చెంచాతో నిదానంగా పెట్టాలి. బిగుసుకున్న కాళ్లూచేతుల్ని గట్టిగా లాగి మర్దన చేయొద్దు. కూర్చోబెట్టే పద్ధతి, పడుకోబెట్టే పద్ధతి ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి నేర్చుకుంటే రోజంతా ఉపయోగపడుతుంది.

ఆటిజం ఉన్న పిల్లలు మిక్సీ మోతకు, తిరునాళ్ల డప్పులకు చెవులు మూసుకుని కేకలు పెట్టొచ్చు. అది మొండితనం కాదు... ఆ శబ్దం వాళ్లకు నిజంగానే భరించలేనంత. ముందే చెప్పడం, రోజూ ఒకే వరసలో పనులు చేయించడం, తర్వాత ఏం జరగబోతోందో బొమ్మలతో చూపించడం వాళ్లకు ఊరట.

ఇక సెల్‌ఫోన్. రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలే వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫోన్ వల్ల ఆటిజం వస్తుందని కాదు. ఫోన్ చేతిలో ఉన్నంతసేపూ బిడ్డతో ఎవరూ మాట్లాడరు... నష్టం అక్కడుంది.

పొలం అమ్ముకోకండి

బిడ్డ కోసం ఏమైనా చేస్తామన్న తల్లిదండ్రుల తపనే కొందరికి పెట్టుబడి. 'ఆటిజాన్ని పూర్తిగా నయం చేస్తాం', 'మూలకణాల చికిత్సతో మామూలు పిల్లాడైపోతాడు' అనే ప్రకటనలు చూసి లక్షలు పోసిన కుటుంబాలున్నాయి. ఆటిజానికి మూలకణాల చికిత్సను సిఫార్సు చేయడం లేదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే స్పష్టం చేసింది. 'గ్యారంటీ' అన్న మాట వినబడితే లేచి వచ్చేయండి. నెమ్మదిగా, రోజూ, చిన్న చిన్న మెట్లుగా నేర్పడమే ఇప్పటికి అందరూ ఒప్పుకునే దారి. ఆ డబ్బు బిడ్డ భవిష్యత్తుకు దాచండి.

హక్కుగా వచ్చేవి

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అంతకుముందు ఏడు రకాల వైకల్యాలనే గుర్తిస్తే, ఈ చట్టం 21 రకాలను గుర్తించింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, చదువులో వెనకబాటుకు కారణమయ్యే అభ్యసన లోపాలు అందులో ఉన్నాయి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు.

అన్నిటికీ మూలం సదరం ధ్రువపత్రం, దానితోపాటు కేంద్రం ఇచ్చే యూడీఐడీ కార్డు. 'బిడ్డ మీద ముద్ర పడుతుంది' అని కొందరు సర్టిఫికెట్‌కు వెనకాడతారు. అది ముద్ర కాదు, తాళంచెవి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలైంది. నేషనల్ ట్రస్టు నిరామయ పథకం కింద ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం ఉన్నవారికి ఏడాదికి లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఉంది. థెరపీ ఖర్చుకూ అందులో కొంత వస్తుంది. తోడు లేకుండా ప్రయాణించలేని బుద్ధిమాంద్య పిల్లలకు, వెంట వెళ్లే ఒకరికి రైలు టికెట్లో స్లీపర్ క్లాసుకు 75 శాతం రాయితీ ఉంది. సికింద్రాబాద్ ప్రయాణానికి ఇది చిన్న సాయం కాదు.

ఒక్క తల్లి వల్ల అయ్యేది కాదు

ఇన్ని చెప్పాక ఒక మాట. 'ఇంట్లోనే నేర్పాలి' అంటే 'తల్లే నేర్పాలి' అని అర్థం చేసుకుంటే ఆ తల్లి నలిగిపోతుంది. ఇప్పటికే చాలామంది తల్లులు పేరంటాలకు వెళ్లడం మానేశారు. పెళ్లిళ్లకు బిడ్డను అమ్మమ్మ దగ్గర వదిలి, అన్నం ముందు కూర్చుని గడియారం చూసుకుంటారు. 'మీ వంశంలో లేదు, మీ వంశంలోనే ఉంది' అన్న వాదనలు మొదలైతే ఆ ఇంట్లో బిడ్డ కన్నా ముందు తల్లి మాట పడిపోతుంది.

నాన్న రోజుకు అరగంట... పడుకునే ముందు బిడ్డతో నేలమీద కూర్చుని ఆడితే చాలు. తాతయ్య వీధిలోకి తీసుకెళ్లి మేకను, ఆటోను, కొబ్బరిచెట్టును చూపించి పేర్లు చెబితే చాలు. అక్క ఉంటే ఆమే గొప్ప టీచర్. కానీ ఆమె కూడా చిన్నపిల్లే... వారంలో ఒక పూట అమ్మానాన్నలు ఆమెకోసమే కేటాయించాలి. ఇలాంటి పిల్లలున్న నాలుగు కుటుంబాలు నెలకోసారి కలిసినా ఎంతో ధైర్యం. ఒకరు ఒంగోలు వెళ్తుంటే ఇంకొకరి బిడ్డను కూడా తీసుకెళ్లొచ్చు. థెరపిస్టు చెప్పింది అందరూ పంచుకోవచ్చు.

మరి ఇరుగుపొరుగు? 'మూగోడు', 'పిచ్చిది' అన్న పిలుపులు మానుకోవడం కనీస మర్యాద. నలుగురిలో కావాలని అవమానించడం 2016 చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి అయిదేళ్ల వరకు జైలుశిక్ష పడే నేరం కూడా. కానీ చట్టానికి భయపడి కాదు... మన వీధి బిడ్డ కాబట్టి. పుట్టినరోజుకు ఆ బిడ్డనూ పిలవండి. మీ పిల్లలతో ఆడనివ్వండి. 'ఇంకా మాటలు రాలా?' అని అడిగే బదులు, 'కాసేపు నా దగ్గర ఉంచుతావా అమ్మాయ్, నువ్వు పని చూసుకుని రా' అని అడగండి. ఆ గంట ఆ తల్లికి పండగ.

ప్రతి బిడ్డా చివరికి అందరిలా అవుతుందని మాట ఇవ్వలేం. కొందరు బడికి వెళ్లి పై చదువులు చదువుతారు. కొందరు తమ పని తాము చేసుకునేంత నేర్చుకుంటారు. ఇంకొందరికి జీవితాంతం తోడు కావాలి. కానీ అన్నం తానే తినగలగడం, దాహమైతే చెప్పగలగడం, అమ్మను చూసి 'అమ్మ' అనగలగడం... వీటి విలువ ఆ ఇంటివాళ్లకే తెలుసు. ఆ చిన్న చిన్న గెలుపులన్నిటికీ మొదలు ఒక్కటే... బిడ్డ విషయంలో సందేహం కలిగిన రోజునే కదలడం. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో అలాంటి చిన్నారి ఉంటే, ఈ సోమవారమే కదలండి. అంగన్‌వాడీ తెరిచే ఉంటుంది.